పాత ఫైలు, పాత సర్వరు

1976లో బెల్ ల్యాబ్స్‌లో ‘మేక్’ అనే బిల్డ్ పనిముట్టు పుట్టడానికి కారణం ఒక వృథా ఉదయం. స్టీవ్ జాన్సన్ తన ప్రోగ్రామ్‌లో తప్పు కోసం గంటల తరబడి వెతికాడు. తీరా చూస్తే ఆ తప్పును ఎప్పుడో దిద్దేశాడు, ఫైలును మళ్లీ కంపైల్ చేయడమే మరిచాడు. ఆ గోడు విన్న సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాశాడు. ఏది దేని నుంచి తయారవుతుందో ‘మేక్‌ఫైల్’లో రాసిపెడితే చాలు. ఫైళ్ల తేదీలు, వేళలు పోల్చి, పాతబడిన దాన్ని మాత్రమే మేక్ మళ్లీ తయారుచేస్తుంది. (ఆదేశం ముందు ట్యాబ్ ఉండి తీరాలన్న విసుగు పుట్టించే నియమాన్ని అప్పటికే వాడుతున్న డజను మంది కోసం మార్చలేదట. లోకమంతా ఇప్పటికీ ఆ ట్యాబ్ మోస్తోంది.)

తయారైనదాన్ని సర్వర్లకు చేర్చే పనిముట్లలో కొన్ని ఈ వంశానివే. మేక్‌ను చూసి జిమ్ వైరిక్ రూబీ భాషలో ‘రేక్’ రాశాడు. ఆ రేక్ నుంచి జేమిస్ బక్ రాసిన ‘క్యాపిస్ట్రానో’ చాలా అరువు తెచ్చుకుంది. అలాంటప్పుడు వేరే పనిముట్టు దేనికి, మేక్‌ఫైల్‌లో ‘ఇన్‌స్టాల్’ అని ఇంకో నాలుగు వరసలు చాలవా అని అడగవచ్చు. ఒకే యంత్రమైతే చాలు, ఎక్కువైతే చాలవు. 2012 ఆగస్టు 1న అమెరికాలోని షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్‌లో ఆర్డర్లు పంపే 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. దానివల్ల దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. జబ్బు జాన్సన్‌దే, మందు మాత్రం మేక్‌ది కాదు. ఫైలు వేళ డిస్కులో ఉన్నదాని గురించే చెబుతుంది. మెమరీలో నడుస్తున్నది ఏ కోడో, ఎనిమిదో యంత్రం సంగతేమిటో దానికి పట్టదు. పైగా బిల్డ్ చెడితే అంతా చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు. నడుస్తున్న సేవను అలా చెరపలేం. అందుకే క్యాపిస్ట్రానో పాతదాని మీద కొత్తది రాయదు. ప్రతి విడుదలనూ వేరే డైరెక్టరీలో పెట్టి, ‘కరెంట్’ అనే లింకును దానివైపు తిప్పుతుంది. బెడిసికొడితే లింకును వెనక్కి తిప్పుతుంది.

2013లో, ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన సరంజామాతో సహా ‘ఇమేజ్’గా కట్టే డాకర్ వచ్చాక, తయారీకీ చేరవేతకూ మధ్య ఈ తేడా చెరిగిపోయిందనే వాళ్లున్నారు. కొంత నిజమే. ఒక్కసారి తయారుచేసి, పరీక్షకూ వాడకానికీ అదే ప్రతిని పంపాలని 2010లోనే జెజ్ హంబుల్, డేవిడ్ ఫార్లీ తమ పుస్తకంలో గట్టిగా చెప్పారు. ఇమేజ్ ఆ పనిని తేలిక చేసింది. డేటాబేస్ మాత్రం ఏ ఇమేజ్‌లోనూ ఇమడదు. పట్టికలో ఒక కాలమ్ పేరు మార్చాలన్నా, ముందు కొత్త కాలమ్ చేర్చి, కొన్నాళ్లు రెండింట్లోనూ రాస్తూ, పాత విలువలనూ కొత్తదానిలోకి చేర్చి, పాత కోడ్ ఏ సర్వర్‌లోనూ లేదని తేలాకే పాతదాన్ని తీసేయాలి.