కిలో పద్నాలుగు రూపాయలకు పాటన్ టాంకు!

బేరం అన్న మాటకు మా యింట్లో రెండు అర్థాలున్నవి. మా ఆవిడ దృష్టిలో బేరమంటే, అవసరమైన వస్తువు తక్కువ ధరకు రావడం. నా దృష్టిలో అవసరం ప్రసక్తి లేదు. తక్కువ ధరకు రావడమే ముఖ్యం. ఈ అభిప్రాయభేదం వల్లనే ఉప్పల్‌లోని మా రెండు గదుల వాటాలో బీరువా మీదా, మంచం క్రిందా, ఆఖరికి బియ్యం డబ్బా వెనుకా కూడా టాంకులూ, యుద్ధ విమానాలూ మోహరించి వున్నవి. కంగారు పడకండి. అన్నీ ప్లాస్టిక్‌వే!

ఈ పిచ్చి అంటని పాఠకుల కోసం రెండు మాటలు. నిజమైన టాంకునో, విమానాన్నో కొలతలు చెడకుండా తగ్గించి, ముక్కలు ముక్కలుగా పోతపోసి, పెట్టెలో పెట్టి అమ్ముతారు. దాన్ని కిట్టు అంటారు. ఆ ముక్కలను కోసి, జిగురుతో అతికించి, రంగు వేసుకోవడం మన పని. 1950లలో బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ స్పిట్‌ఫైర్ విమానం కిట్టును రెండు షిల్లింగులకు అమ్మి, ఈ సరదాను కుర్రవాళ్ళ జేబు డబ్బులకు అందేటట్లు చేసింది. మనకిప్పుడు ఆ అదృష్టం లేదు. కిట్టు కొనాలంటే నెల జీతంతో సంప్రదింపులు జరపవలసిందే. అందుచేత ఎక్కడ, ఏది, ఎలా కొంటే లాభమో నాకు తెలిసినంత చెబుతాను. దానితోపాటే, నాచారం రోడ్డు మీద నాకు తగిలిన అన్నిటికంటె పెద్ద బేరం సంగతీ, అది నాకు నిద్రపట్టకుండా చేసిన సంగతీ కూడా చెబుతాను.

కొలత తెలిస్తే సగం బేరం తెలిసినట్లే

మా ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ వుంది. భూమిని కాగితం మీదికి ఎక్కించే విద్య అక్కడ నేర్పుతారు. అక్కడి విద్యార్థికి స్కేలు అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. మనం మాత్రం తెలుసుకోవాలి.

విమానాలకు ప్రసిద్ధమైన కొలత 1/72. అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు. టాంకులకు ప్రసిద్ధమైనది 1/35. ఈ అంకె ఎలా వచ్చిందనుకున్నారు? 1960ల మొదట్లో జపానులో టమియా కంపెనీవారు పాంథర్ టాంకు నమూనా తయారు చేస్తూ, లోపల మోటారూ, బ్యాటరీలూ పట్టేటంత పరిమాణం పెట్టారు. తీరా లెక్కవేస్తే అది 1/35కు దగ్గరగా వచ్చింది! తరువాత ప్రపంచమంతా దాన్నే శాస్త్రమనుకొని అనుసరించింది.

అద్దె యిళ్ళవాళ్ళకు నా సలహా ఒకటే. టాంకులైనా సరే, 1/72లో కొనండి. ఖరీదు తక్కువ, రంగు తక్కువ, బీరువా మీద చోటూ తక్కువ. ఇంట్లో మాటలూ తక్కువే.

ఏవి ఏరుకోవాలి?

కొత్తగా చేరినవారందరూ జర్మనీవారి టైగర్ టాంకు వెంటపడతారు. అందరూ పడేచోట బేరం దొరకదు. మన సైన్యం వాడినవాటి వెంట పడండి. పోటీ తక్కువ, కథ మనది.

మొదటిది నాట్ విమానం. నాట్ అంటే దోమలాంటి చిన్న పురుగు. అసలు విమానమే ముప్ఫై అడుగుల లోపు. 1/72లో పన్నెండు సెంటీమీటర్లు. 1965 యుద్ధంలో పాకిస్తాన్ శేబర్ విమానాలను కూల్చి ‘శేబర్ స్లేయర్’ అని పేరు తెచ్చుకుంది. కాని ఒక జాగ్రత్త! ఎయిర్‌ఫిక్స్ వారి ఎర్ర విన్యాస విమానం పెట్టె, రంగులూ జిగురుతో సహా, చవకగా కనబడుతుంది. అది బ్రిటిష్ వారి రెండు సీట్ల శిక్షణ విమానం. మన పైలట్లు యుద్ధం చేసింది ఒక సీటుదానిలో. రెక్కలే వేరు. చవక అని తెచ్చుకొని సంవత్సరమంతా దాని వంక చూసి బాధపడినవాణ్ణి నేను.

రెండవది మిగ్-21. 1963లో మన వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. అరవై రెండేళ్ళ కొలువు! రష్యావారి జ్వెజ్దా కంపెనీ 1/72 మిగ్-21 బిస్ మంచి బేరం. అయితే 1971 యుద్ధం నాటి విమానం చేయాలనుకుంటే బిస్ పనికిరాదు; అది తరువాత వచ్చిన రకం. పెట్టె మీద ఎఫ్.ఎల్. అన్న అక్షరాల కోసం వెతకండి.

మూడవది టి-55 టాంకు. 1971లో మనవారు టి-55 నడిపితే, అవతలివారు దాని చైనా పినతల్లి బిడ్డ టైప్-59 నడిపారు. పాత దుకాణంలో మూత ఒకచోటా, ముక్కలు ఒకచోటా పడివుంటవి. ఎలా పోల్చాలి? టాంకు బురుజు కప్పు మీద పుట్టగొడుగులాంటి గాలి మూత వుంటే అది టి-54 లేక టైప్-59. లేకపోతే టి-55. ఈ ఒక్క గుర్తు తెలిస్తే, అమ్మేవాడికి తెలియని సరుకు మీకు తెలుస్తుంది.

నాలుగవది బి.ఎం.పి.-2. పదాతిదళాన్ని మోసే ఈ వాహనాన్ని మన యెద్దుమైలారంలో, 1984లో వెలసిన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారుచేస్తూ వచ్చారు. మన ఊరివాడి బొమ్మ మన బీరువా మీద లేకపోతే ఎలా? జ్వెజ్దావారి 1/35 కిట్టు వుంది.

పాత లోహపు బొమ్మలు చేరదీసేవారికి ఒక రహస్యం. బ్రిటన్‌లోని డింకీ కంపెనీ వారి పాత అచ్చులు కొన్ని 1960ల చివర కలకత్తా చేరి, ‘నిక్కీ టాయిస్’ పేరుతో బొమ్మలుగా వచ్చినవి. పోత కొంచెం మొరటు, రంగు కొంచెం మందం. అయినా అది మన దేశపు సరుకు. ఎక్కడైనా దొరికితే దయచేసి కొత్త రంగు వేయకండి. పాత రంగు పోయిందంటే విలువా పోయినట్లే.

ఎక్కడ కొనాలి?

విదేశపు అంగళ్ళలో సగం ధర అని చూసి మురిసిపోకండి. సుంకాల పట్టికలో ఇటువంటి నమూనాలు కూడా బొమ్మల జాబితాలోనే వున్నవి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్టులో 20 శాతం నుంచి 60కీ, 2023లో 70కీ పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. తపాలా ఖర్చూ, సుంకమూ కలుపుకొని చూస్తే సగం ధర కాస్తా రెట్టింపవుతుంది. ఆర్డరు వేసేముందు ఆనాటి రేటు కనుక్కోండి.

కాబట్టి మనకు శరణ్యం ఆదివారమే. అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల గుట్టల నడుమ, ఎర్రగడ్డ సంతలో విరిగిన రేడియోల ప్రక్కన ఒక్కొక్కప్పుడు అదృష్టం అట్టపెట్టె రూపంలో కూర్చుని వుంటుంది. అప్పుడు తొందరపడకుండా నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, ముక్కలు తగిలించివున్న చట్రాలు అన్నీ వున్నవా? లోపలి సూచనల కాగితంతో లెక్క సరిచూడండి. రెండు, పైలట్ తలమీద వుండే అద్దపు కప్పు వుందా? పోయేది ముందు అదే. మూడు, నీటిలో నానబెట్టి అతికించే గుర్తుల కాగితం పసుపుపచ్చగా మారిందా? మారితే బెంగ లేదు. కిటికీ అద్దానికి అతికించి కొన్నాళ్ళు ఎండ తగలనిస్తే చాలావరకు తెలుపెక్కుతుంది. మన హైదరాబాదులో ఎండకేం తక్కువ? నాలుగు, టాంకు కిట్టులో రబ్బరులాంటి మెత్తటి పట్టాలు ప్లాస్టిక్ ముక్కలకు ఆనుకొని వున్నవా? ఏళ్ళ తరబడి ఆనుకొని వుంటే ఆ పట్టాలు ప్లాస్టిక్‌ను కరిగించి తినేస్తవి. కొన్న రోజునే వాటిని వేరే కవరులో పెట్టండి.

నాచారంలో నా బేరం

ఇక అసలు కథ. కిందటి ఏడాది వర్షాల ముందు ఒక ఉదయం నాచారంలో పని చూసుకొని తిరిగి వస్తున్నాను. రోడ్డు ప్రక్కన పాత సామాన్ల బండి ఆగివుంది. పాత పేపర్ల మీద, పగిలిన బకెట్టు క్రింద నాకు పరిచయమైన రంగుల అట్టపెట్టె అంచు కనబడింది. గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది. ఇటలీవారి ఇటలేరి కంపెనీ ఎం-47 పాటన్ టాంకు! 1965లో పాకిస్తాన్ గర్వంగా నమ్ముకున్న పాటన్! దాని క్రింద ఇంకొకటి, ఇంకొకటి... మొత్తం ముప్ఫైఒక్క పెట్టెలు.

“ఇవేమిటి?” అన్నాను, సాధ్యమైనంత నిర్లక్ష్యంగా.

“ఏందో పిల్లల బొమ్మలు సార్. అన్ని ముక్కలే, ఒక్కటి గూడ సక్కగ లేదు. అట్టకు నాకు పది వస్తది. పద్నాలుగు లెక్క ఇయ్యిండ్రి, తీస్కపోండ్రి.”

తూకం వేశాడు. తొమ్మిదిన్నర కిలోలు. 133 రూపాయలు. ఆటోకు అంతకంటె ఎక్కువైంది. ఆ రాత్రి ఒక్కొక్క పెట్టే విప్పుతూ వుంటే లంకెబిందెలు దొరికినవాడిలా వున్నాను. సెంచూరియన్, మిగ్, హంటర్ — ఒక్క ముక్క కూడా తెగలేదు. మెత్తటి పట్టాలన్నీ ముందే వేరుచేసి, కవర్లలో పెట్టివున్నవి. ఎవరో తెలిసిన మనిషి.

పాటన్ పెట్టె మూత లోపలివైపు పెన్సిలుతో, ముత్యాలలాంటి సన్నటి అక్షరాలలో ఇలా వుంది: “1994 అక్టోబరు. అబిడ్స్. రూ. 640.” అన్ని మూతల మీదా అలాగే తేదీ, చోటు, ధర. కూడి చూశాను. 16,400 రూపాయలు. గుర్తుల కాగితం ఎండకుండా ఒక పాత కరెంటు బిల్లులో చుట్టివుంది. దాని మీద నాచారం హెచ్.ఎం.టి. నగర్ చిరునామా.

నాలుగు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర లేదు. బండివాడు అమ్మాడు, నేను కొన్నాను, తప్పేముంది? న్యాయం నావైపే. కాని ఆ పెన్సిలు అక్షరాలు మాత్రం నావైపు లేవు. “ఏమండీ, ఆ పెట్టెలు వచ్చినప్పటినుంచీ మీ మొహం బాగాలేదు. వెళ్ళి కనుక్కురండి,” అంది మా ఆవిడ.

అయిదవనాడు వెళ్ళాను. తలుపు తీసిన ముసలావిడకు డెబ్భై దాటి వుంటవి. నేను చెప్పిందంతా విని, “కూర్చో నాయనా” అని మంచినీళ్ళిచ్చింది. భర్త నక్షాలు గీసే ఉద్యోగం చేసేవారట. పోయి ఏడాదిన్నర అయింది. రిటైరయ్యాక కడదామని అన్ని కిట్లూ దాచారు. రిటైరయ్యేసరికి చూపు మందగించింది. ఆవిడ ఇప్పుడు కొడుకు దగ్గరకు వెళ్ళిపోతోంది. అక్కడ చోటు లేదు.

“అమ్మా, వీటి ధర మీకు తెలుసా?” అన్నాను.

“తెలియకేం? ఒక్కోటి ఇరవై రూపాయలు. ప్రతిసారీ ఆయనే చెప్పేవారు.”

నేను మాట్లాడకుండా పాటన్ మూత తిప్పి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకొని, అక్షరాలు ఒక్కొక్కటే వేలితో తడిమింది. భర్త చేతిరాత చూసి కళ్ళు తడిసినవి. ధర చదివి నవ్వు వచ్చింది. రెండూ ఒకేసారి.

“ఆరువందల నలభై! ఆ నెల నేను చీర అడిగితే డబ్బుల్లేవన్నారు నాయనా!” అంది.

పెట్టెలు తిరిగి తెచ్చిస్తానన్నాను. వద్దంది. డబ్బు ఇస్తానంటే అదీ వద్దంది. చివరకు ఒక ఒడంబడికకు వచ్చాం. ఆరు పెట్టెలు మూత మీద ధరకు నేను తీసుకున్నాను. మూడు నెలల్లో చెల్లించాను. మిగతా ఇరవై అయిదూ అదే ధరకు నాలాంటి పిచ్చివాళ్ళు కొన్నారు. ఆ డబ్బు ఆవిడకు చేరింది. ఇప్పటి ధరలతో పోలిస్తే అందరికీ బేరమే. ఆవిడ అడిగింది ఒక్కటే: “ఆయన కట్టని వాటిలో ఒకటి కట్టి తెచ్చిపెట్టు. చిన్నది చాలు.” ఒక సీటు నాట్ కట్టి, వెండి రంగు వేసి తీసుకువెళ్ళాను. ఆవిడ పెట్టె సర్దుకునేటప్పుడు దాన్ని చీరల మధ్య పెట్టుకుంది.

అందుచేత, తోటి సేకర్తలారా, నా చివరి సలహా వినండి. మీ ఆవిడతో కిట్టు ధర ఇరవై రూపాయలని చెప్పకండి. చెబితే, రేపు ఆవిడ నమ్మిన ధరకే అది తూకానికి పోతుంది. అసలు ధర ఒక కాగితం మీద వ్రాసి, ఇంటివాళ్ళకు తెలిసేచోట పెట్టండి.

నేను వ్రాసి పెట్టాను. మా ఆవిడ ఆ జాబితా మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒక్క మాట కూడా అనలేదు. మరునాడు బజారుకు వెళ్ళి చీర తెచ్చుకుంది. ధర అడిగాను.

“ఇరవై రూపాయలు,” అంది.