వార్తల్లో పదం: ఓవర్‌బర్డెన్

సింగరేణి బొగ్గుగనుల వార్తలలో ‘ఓబీ తొలగింపు’, ‘ఓబీ టెండర్లు’ అను మాటలు తఱచుగా కానవచ్చుచున్నవి. ఓబీ యనగా ఓవర్‌బర్డెన్: ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గుపొరను చేరుటకు ముందు తొలగింపవలసిన మన్నును, ఇసుకఱాతిని, తక్కిన శిలలను కలిపి యా పేరున వ్యవహరింతురు.

సారవంతమైన పైమన్నును వేఱుగా తీసి భద్రపఱచి, క్రిందనున్న శిలలో రంధ్రములు తొలిచి, పేలుడు పదార్థములతో పగులగొట్టి, షావెళ్లతో డంపర్లలోని కెత్తి, గని వెలుపల గుట్టగా పోయుటయో, బొగ్గు తీసిన గోతిలోనే నింపుటయో చేయుదురు. ఒక టన్ను బొగ్గునకై యెన్ని ఘనపు మీటర్ల ఓబీని కదలింపవలెనో తెలుపు లెక్కయే ‘స్ట్రిప్పింగ్ రేషియో’. సాధారణముగా గని లోతైనకొలది యిది పెరుగును గనుక, గని లాభనష్టములు అమ్ముడుపోని యీ మట్టిపై నింతగా నాధారపడుట యొక విచిత్రమే.

గని తొలిదినములలో నింపుటకు గోయి యుండదు. పగిలిన శిల మునుపటికంటె నెక్కువ చోటాక్రమించును. రామగుండము, మణుగూరు, సత్తుపల్లి ప్రాంతములలో గుట్టలు వెలయుట కిదియే హేతువు. వానలలో వానినుండి జాఱిన మట్టి వాగులను, చేలను పూడ్చవచ్చును. వేసవిలో ధూళి, నిత్యము పేలుళ్ల యదురు సమీప గ్రామములకు తప్పవు. అయినను, భూగర్భ గనికంటె తక్కువ వ్యయముతో నెక్కువ బొగ్గు లభించుటయు, కార్మికులకు పైకప్పు కూలు భయము లేకుండుటయు ఓపెన్‌కాస్ట్ పద్ధతి ననుసరించుటకు కారణములు.

గని పని ముగిసిన పిమ్మట నీ గుట్టలను, గోతులను చక్కదిద్దుటకై, కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ మార్గదర్శకముల ననుసరించి, ప్రతి బొగ్గుగనికిని మూసివేత ప్రణాళికయు, దానికై ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే వినియోగింపదగు ప్రత్యేక ఖాతాలో) నిధియు నుండవలెను.