పొయ్యి పొగ - ఇల్లాలి ఊపిరి

మీ వంటింటి గోడ ఏ రంగు? మీరు వేయించిన రంగు సంగతి కాదు నేనడుగుతున్నది. పొయ్యికి పైన, అటక కింద, చేయి చాస్తే అందే చోట గోడ ఏ రంగులో వున్నది? అక్కడ వేలితో రాసి చూడండి. వేలికి నల్లగా, జిగటగా మసి అంటితే, ఆ మసి గోడకు మాత్రమే పట్టిందనుకోకండి. ఆ గోడకు ఎదురుగా రోజుకు మూడు నాలుగు గంటలు ఒక మనిషి కూర్చుంటున్నది గదా!

"మాకు గ్యాసు వుందండీ, ఈ పొగ గొడవ మాకెందుకు?" అని పేజీ తిప్పబోయేవారు ఒక్క నిమిషం ఆగండి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం పెట్టింది. సిలిండరు చేరని వీధి ఇవాళ అరుదే. కానీ హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, ఏ వైపు పల్లెలోకైనా నడిచి చూడండి. ఒక పక్క నూజివీడు రోడ్డు, మెట్ట, మామిడి తోటలు. ఇంకో పక్క గుడివాడ రోడ్డు, పల్లం, వరి చేలు. రెండు వైపులా కనిపించేది ఒకటే. ఇంట్లో గట్టు మీద గ్యాసు పొయ్యి, పెరట్లో రేకుల పంచన కట్టెల పొయ్యి. స్నానాలకు వేన్నీళ్ళు అక్కడే కాగుతాయి. పాలు అక్కడి పిడకల దాలి మీదే ఎర్రగా మరుగుతాయి. పండగకు అరిసెలూ, చుట్టాలొస్తే పెద్ద గుండిగతో అన్నమూ అక్కడే. మెట్ట వైపు మామిడి కొమ్మలు, పల్లం వైపు ఊక, పిడకలు, కొబ్బరి మట్టలు. సిలిండరు రాగానే కట్టెల పొయ్యి ఆరిపోలేదు, పెరట్లోకి మారింది, అంతే. చాలా ఇళ్ళలో ఆ పంచకు వానజల్లు కొట్టకుండా మూడు వైపులా గోడ లేపారు, పైన రేకు వేశారు. పొగ పోయే దారి మాత్రం మరిచారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో, 400కు పైగా ఇళ్ళలో పరిశోధకులు పరికరాలు పెట్టి గాలిలోని సన్నని ధూళిని కొలిచారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయినాయి. గ్యాసు ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి రోజు సగటు 73 మైక్రోగ్రాములు వుంటే, కట్టెలూ పిడకలూ కాల్చే ఇళ్ళలో 732 వరకు వున్నది. అంటే పది రెట్లు! వాకిట్లో లారీ పొగకు ముక్కు మూసుకునే మనం, పెరట్లో దానికన్నా గట్టి పొగను "వంట వాసన" అని సరిపెట్టుకుంటున్నాము.

పొగలో కంటికి కనిపించే మసి కన్నా కనిపించని నుసి ప్రమాదం. అది ముక్కు వెంట్రుకలకు చిక్కదు, గొంతులోని కళ్ళెకు చిక్కదు. తిన్నగా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. ఏళ్ళ తరబడి అలా పోతూ వుంటే శ్వాసనాళాలు వాచి, ఇరుకై, తిరిగి విచ్చుకోని స్థితికి వస్తాయి. జీవితంలో ఒక్క బీడీ ముట్టని స్త్రీకి, చుట్ట తాగే మగవాడికి వచ్చే ఆయాసం వచ్చేది ఇందువల్లనే. మెట్లెక్కితే రొప్పు, తెల్లవారుజామున దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. "వయసు మీదపడింది" అని ఆమే అనుకుంటుంది, ఇంట్లోవారూ అనుకుంటారు. వయసు కాదమ్మా, పొగ. కంట్లో శుక్లాలు తొందరగా రావడానికీ, గర్భిణికి బరువు తక్కువ బిడ్డ పుట్టడానికీ, గుండె జబ్బుకూ, పక్షవాతానికీ కూడా ఈ పొగకు సంబంధం వున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇంటి పొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారు. వారిలో ఐదేళ్ళు నిండని పిల్లలే 2 లక్షల 37 వేల మందికి పైగా.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. తల్లి చంకన బిడ్డను పెట్టుకునే పొయ్యి ఊదుతుంది. జలుబు చేసిన బిడ్డ ఊపిరి వేగంగా తీస్తుంటే గడియారం దగ్గర పెట్టుకొని నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసికందుకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ళ లోపు పిల్లలకు 40 - ఈ లెక్కకు చేరినా, దాటినా న్యుమోనియా అని అనుమానించాలి. డొక్కలెగరేస్తుంటే ఇక లెక్కలు వద్దు, వాము పొట్లాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. పెద్దవారికైతే రెండు వారాలకు మించి దగ్గు వుంటే ముందు కళ్ళె పరీక్ష చేయించండి. క్షయ లేదని తేలితే, గొట్టంలోకి గట్టిగా ఊదించి చూసే శ్వాస పరీక్ష చేయమని డాక్టరుగారిని అడగండి. మందు పీల్చే ఇన్‌హేలరు అంటే "అలవాటవుతుంది" అని భయపడేవారు ఇంకా వున్నారు. అలవాటయ్యేది మందు కాదు, ఆయాసం.

బాలింత గదిలో కుంపటి

పొగ లేని నిప్పు మంచిదని మనవాళ్ళకు ఒక నమ్మకం. అది నిజం కాదు. ఎర్రగా కణకణలాడే బొగ్గుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించదు. రక్తంలో ప్రాణవాయువును మోసే ఎర్రటి పదార్థాన్ని అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి తీస్తూనే వుంటాడు, ఒంటికి మాత్రం గాలి అందదు.

ఇప్పుడు బాలింత గది తలచుకోండి. చలిగాలి తగలకూడదని కిటికీలు బిగిస్తారు. సందుల్లో గుడ్డలు కుక్కుతారు. మంచం కింద కుంపటి, దానిమీద సాంబ్రాణి. పసిబిడ్డ తల ఆరబెట్టడానికి ఆ పొగమీదే పట్టుకుంటారు. తల్లికి తలనొప్పి, కడుపులో తిప్పడం, మత్తు వస్తే "పచ్చి బాలింత, నీరసం" అంటారు. అది కుంపటి పెట్టిన నీరసం కావచ్చు. పెద్దవాళ్ళ మాట కాదనలేకపోతే ఒక ఉపాయం చెబుతాను. నిప్పులు ఆరుబయట పెట్టి, ఇటుకో, ఇసుక మూటో వేడిచేసి, గుడ్డలో చుట్టి గదిలోకి తెచ్చుకోండి. కాపడం అందుతుంది, విషం అందదు. కుంపటి వున్న గదిలో తలుపులు మూసి నిద్రపోవడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు కూడా ఇదే పని చేస్తుంది. ఎవరైనా మత్తుగా పడివుంటే ముందు తలుపులన్నీ తెరిచి, మనిషిని బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోను చేయండి.

ఆకుకున్న గొట్టం

జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బ్యారన్లు చూశారా? నిప్పు ఒకచోట, పొగ ఇనుప గొట్టాల్లో గది చుట్టూ తిరిగి బయటి పొగగొట్టంలోంచి పోతుంది. లోపల ఆకుకు వేడి మాత్రమే తగులుతుంది, పొగ తగలదు. తగిలితే ఆకు రంగు చెడి, ధర పడిపోతుంది. ఆకు కోసం ఇంత ఏర్పాటు చేసుకున్న మనం, పొయ్యి ముందు కూర్చునే మనిషి కోసం ఒక గొట్టం నిలబెట్టుకోలేకపోయాము!

దారి చూపినవారు లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకునే పొగగొట్టపు పొయ్యిని తయారుచేశారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు ఎక్కేది. దాని గురించి 1953లో ఆయన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని పుస్తకమే రాశారు. తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002 దాకా నడిపి, దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. ఇవాళ వాటిలో ఎన్ని మిగిలాయో మీ వూళ్ళో మీరే వెతికి చూడండి.

ఎందుకు పోయాయి? కట్టె లావని పొయ్యి నోరు పగలగొట్టారు. గుండ్రటి గిన్నెలు గుంటకు అతకక సందుల్లోంచి పొగ వచ్చింది. గొట్టంలో మసి పేరుకుని మూసుకుపోతే, దులపాలని ఎవరూ చెప్పలేదు. ఒడిశాలో నాలుగేళ్ళు సాగిన ఒక పరిశీలనలో కూడా ఇదే తేలింది. 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో అందులో ఒకరు. మొదటి ఏడు పొగ తగ్గింది. తర్వాత మరమ్మతు లేక, వాడకం లేక మొదటికొచ్చింది. పోతే, గ్వాటెమాలాలో ఇటుకలతో గట్టు కట్టి పొగగొట్టం పెట్టిన పొయ్యిల మీద జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. అక్కడ వారం వారం మనుషులు ఇళ్ళకు తిరిగారు. పిల్లలు పీల్చే పొగ సగానికి తగ్గింది, తీవ్రమైన న్యుమోనియా మూడో వంతు తగ్గింది. మామూలు న్యుమోనియాలో మాత్రం గట్టిగా చెప్పగలిగినంత తేడా రాలేదు. అంచేత వీలున్న వంట గ్యాసు మీదకి మార్చుకోవడమే ఉత్తమం. తప్పనిసరి కట్టెల పొయ్యికే ఈ గొట్టం.

గొట్టం ఎలా నిలపాలి?

బావి వరలు, తూములు పోసేవాళ్ళు రోడ్డు పక్కన కనిపిస్తూనే వుంటారు గదా! వారినే అడగండి. తొమ్మిది అంగుళాల చదరం, అడుగు ఎత్తు దిమ్మె, మధ్యలో ఐదంగుళాల గుండ్రటి రంధ్రం. నా లెక్కలో ఒక్కో దిమ్మె 30 కిలోల దాకా తూగుతుంది, ఒక మనిషి ఎత్తగలడు. పది పేర్చితే మూడు క్వింటాళ్ళు. కనుక పొయ్యి గట్టు మీద నిలబెట్టకండి, దానికి వేరే పునాది కావాలి. వారం పది రోజులు బాగా తడిపిన దిమ్మెలనే వాడండి. మంటకు దగ్గరగా కింది రెండు మూడు అడుగులూ సిమెంటు పనికిరాదు, వేడికి పగులుతుంది. అక్కడ ఎర్ర ఇటుక, బంకమట్టితోనే కట్టించండి. అడుగున ఒక ఇటుకను సున్నం పెట్టకుండా వదిలితే, మసి తీయడానికి అదే తలుపు.

ప్లాస్టిక్ గొట్టం పెట్టినవారిని చూశాను, అది కరిగిపోతుంది. ఆస్బెస్టాస్ గొట్టం కొనకండి. ఇంట్లో పాతది వుంటే కోయకండి, రంధ్రాలు చేయకండి, ఆ పొడి కాన్సరు తెస్తుంది. గొట్టం నిటారుగా పోవాలి, వంపులు వద్దు. కప్పు దాటిన చోట నుంచి మూడడుగులు, పది అడుగుల లోపల వున్న ఏ కప్పు కన్నా కూడా రెండడుగులు ఎత్తు లేవాలి. లేకపోతే గాలి తిరగబడి పొగను వెనక్కి కొడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది. తాటాకు కప్పు అయితే గొట్టం దానిలోంచి తీయనే కూడదు, గోడ అవతలగా దూరంగా నిలపండి, నిప్పురవ్వ చాలు వేసవిలో వీధి అంటుకోవడానికి. తుపాన్ల సీమ మనది. మూడడుగులకొక ఇనుప పట్టీతో గోడకు బిగించండి. పైన వాన పడకుండా రేకు టోపీ పెట్టి, నాలుగు పక్కలా సందు వదలండి. పొగ పక్కింటి కిటికీలోకి పోయేలా మాత్రం పెట్టకండి. 1952 డిసెంబరులో లండనులో ఇళ్ళ పొగగొట్టాల పొగే మంచుతో కలిసి వూరి మీద కమ్మి, కొద్ది రోజుల్లో వేలమందిని చంపింది.

కట్టెలు ఎండినవే వాడాలి. వానాకాలానికి ముందే పంచన పేర్చుకోండి. పచ్చికట్టె పొగే గొట్టంలో తారులా పేరుకుంటుంది. వాడే పొయ్యి అయితే నెలకొకసారి గొట్టం దులపాలి, వెదురు కర్రకు గోనె చుట్టి పైనుంచి దింపితే చాలు. దులిపేవారు ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని, తర్వాత సబ్బుతో స్నానం చేసి, బట్టలు విడిగా ఉతకాలి. లండనులో పొగగొట్టాలు దులిపే పనివాళ్ళకు మసి వల్ల వృషణాల సంచికి కాన్సరు వస్తున్నదని 1775లోనే పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు గుర్తించాడు. మసి అంటే అంత తేలిక సరుకు కాదు.

గొట్టం పనిచేస్తున్నదా లేదా తెలుసుకోవడం సులువు. గొట్టంలోకి ఒక కాగితం ముక్క అంటించి వేసి, ఒక నిమిషం తర్వాత పొయ్యి నోటి దగ్గర అగరువత్తి పట్టుకోండి. దాని పొగ లోపలికి వంగితే వంట మొదలుపెట్టుకోవచ్చు. మీ ముఖం మీదికి వస్తే ఆ పూటకు పొయ్యి రాజేయకండి. నిచ్చెన వేయించి పైన టోపీ కింద చూడమనండి. చాలాసార్లు అక్కడ పిచ్చుక గూడు వుంటుంది.