కోపం చూస్తే నవ్వెందుకొస్తుంది?

ఆరాంఘర్: ఆరాంఘర్ చౌరస్తా దాటి బెంగుళూరు రోడ్డున శంషాబాద్ చేరి, అక్కడి నుంచి నర్కుడ దారి పడితే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి వస్తుంది. ఎత్తయిన గోపురం, రాతిమెట్ల కోనేరు ఉన్న ఈ పాత గుడి సినిమావారికి అచ్చివచ్చిన చోటని పేరు. షూటింగు ఉందంటే చాలు, చుట్టుపక్కల జనం పనులు మానుకుని వచ్చి నిలబడతారు.

షూటింగు ఎక్కడ జరిగినా ఒక వింత తప్పదు. విలన్ కళ్లెర్రజేసి నరుకుతా, పొడుస్తా అని కేకలు వేస్తాడు. దర్శకుడు 'కట్' అనగానే గొడుగు నీడన కూర్చుని టీ తాగుతాడు. మళ్లీ పిలిస్తే మళ్లీ అదే కోపం, అవే కేకలు. మూడోసారికి పిల్లలు కిసుక్కున నవ్వుతారు. ఆ కోపం వల్ల ఎవరికీ దెబ్బ తగలదని వారికి అప్పటికే తెలిసిపోతుంది.

ఈ కిటుకు సినిమాలు పుట్టకముందే మన పెద్దలకు తెలుసు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం నడుమ కేతిగాడు, బంగారక్క తిట్టుకుంటూ తెర మీదికొస్తే ఊరంతా పగలబడి నవ్వేది. భామాకలాపంలో సత్యభామ అలక కూడా అంతే. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా జమున, కృష్ణుడైన ఎన్.టి. రామారావును కాలితో తన్నుతుంది. తన్ను తిన్నవాడు జగన్నాటక సూత్రధారి. ఆయనకేమీ కాదు కనుక ఆ కోపం చూడ ముచ్చటగా ఉంటుంది.

తెలుగు తెర మీద కోపానికి పెట్టింది పేరు సూర్యకాంతం. ఆమె 1994లో కన్నుమూశారు గాని, గయ్యాళి అత్త అంటే నేటికీ ఊళ్లలో ఆమె పేరే చెబుతారు. 1962 నాటి 'గుండమ్మ కథ'లో పెద్దింటి కొడుకు అంజి పనివాడి వేషంలో గుండమ్మ ఇంట చేరతాడు. ఆమె ఎంత పెత్తనం చేయబోయినా అమాయకుడిలా నటిస్తూ ఆట పట్టిస్తాడు. అక్కడ హాలంతా నవ్వులే. కాని అదే గుండమ్మ సవతి కూతురు లక్ష్మిని ఇంటెడు చాకిరీతో నలిపేస్తుంటే ఎవరికీ నవ్వు రాదు. చివరికి గుండమ్మను మించిన గయ్యాళి ఛాయాదేవి రూపంలో వచ్చి, గుండమ్మనే హింస పెడుతుంది. అంతసేపూ ఆమెను తిట్టుకున్న ఆడవారే అప్పుడు అయ్యో పాపం అంటారు.

పూర్తిగా గంభీరమైన సినిమా 'శంకరాభరణం'. 1980లో విడుదలైంది. కీర్తనను ఖూనీ చేస్తూ పాఠం చెబుతున్న మాస్టారు మీద శంకరశాస్త్రి మండిపడితే ప్రేక్షకులు హాయిగా నవ్వారు. అదే శాస్త్రి, పాటలో తప్పు దొర్లినందుకు కన్నకూతురి అరచేతిలో కర్పూరం వెలిగిస్తే హాలు మూగబోయింది. మనిషి ఒకడే, కోపమూ ఒకటే. పడిన చోటు వేరు.

గొంతు పెంచని దుర్మార్గుడి సంగతి వేరు. 1975లో బాపు తీసిన 'ముత్యాల ముగ్గు'లో కాంట్రాక్టరు రావు గోపాలరావు అరవడు. నింపాదిగా, సరసంగా మాట్లాడుతూనే ఒక కాపురాన్ని కూలుస్తాడు. ముళ్లపూడి వెంకటరమణ రాసిన ఆ మాటలు రికార్డులుగా వచ్చి పెళ్లిపందిళ్ల మైకుల్లో మోగాయి. జనం నవ్వారు, లోపల భయమూ పడ్డారు. అరిచేవాడికంటే అరవనివాడే ప్రమాదమని పల్లెవాసులకు వేరే చెప్పనక్కర్లేదు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అని సామెత. దుత్త పగిలితే కుండపెంకులే కదా అని నవ్వుకోవచ్చు. కాని చాలా ఇళ్లలో దుత్త స్థానంలో ఉండేది భార్య, పిల్లలు, జీతగాడు. బయట పెద్దవాళ్ల ముందు దిగమింగిన కోపమంతా రాత్రికి వారి మీద కక్కుతారు. తెర మీద సూర్యకాంతాన్ని చూసి కడుపుబ్బ నవ్విన మనిషే ఇంటికొచ్చి కంచం విసిరిన సందర్భాలు లేకపోలేదు.

ఎవరి కోపమైనా నవ్వులాటగా పోతుందో, కన్నీరు పెట్టిస్తుందో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఆ కోపానికి ఎదురుగా ఉన్నవారి ముఖం ఒక్కసారి చూస్తే చాలు.