ముడత ఒక్కటే, కారణాలు మూడు
బడి పుస్తకంలోని మాటలు చేలో అక్కరకొస్తాయి

ఖమ్మం: మిరప తోటలో ఆకు ముడుచుకుందంటే చాలు, రైతు మందుల దుకాణం మెట్లెక్కుతాడు. "ముడత పడ్డదన్నా, మంచి మందేదన్నా ఇయ్యి" అంటాడు. "పై ముడతా, కింది ముడతా?" అని దుకాణదారు ఎదురు అడిగితే అది ఆ రైతు అదృష్టం. అడగనిచోట రెండు మూడు డబ్బాలు కలిసి సంచిలో పడతాయి. పది రోజులకు చూస్తే ముడత అట్లాగే ఉంటుంది, దుకాణంలో బాకీ మాత్రం పెరుగుతుంది.

మందు నాసిరకమని తిట్టుకోవడం మామూలే. ఒక్కోసారి నిజమూ కావచ్చు. కాని చాలాసార్లు తిరకాసు ఉన్నది మాటలో. ముడత అన్నా, బొబ్బర అన్నా ఊళ్లో ఒకటే జబ్బని లెక్క. నిజానికి దాని వెనుక ఒక కీటకం ఉండవచ్చు, ఒక నల్లి ఉండవచ్చు, ఒక వైరస్ ఉండవచ్చు. ఈ మూడింటికీ పొత్తు లేదు. ఒకదానికి వాడే మందు ఇంకొకదానికి పనిచేయకపోవచ్చు. ఈ తేడా చెప్పే మాటలు హైస్కూలు పిల్లల జీవశాస్త్రం పుస్తకాల్లో ఉన్నాయి. పరీక్ష కోసం వల్లెవేసి, పరీక్ష అయ్యాక మరచిపోతున్న మాటలవి.

కీటకమంటే ఆరు కాళ్ల ప్రాణి. ఒంట్లో తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు. తామర పురుగు ఈ జాతిదే. లేత ఆకును గీకి రసం పీలుస్తుంది. ఆకు అంచులు పైకి లేచి దొప్పలా అవుతాయి. అదే పై ముడత. 2021లో ఖమ్మం, మహబూబాబాద్ వైపు మిరప రైతులను ఏడిపించిన నల్ల తామర పురుగు కూడా దీని సోదరే. అది పూలలో దూరి పూతంతా రాల్చింది. పంట దున్నేసిన వారూ ఉన్నారు.

నల్లి కీటకం కాదు. దానికి ఎనిమిది కాళ్లు. సాలెపురుగుకు, పశువులను పట్టే పిడుదుకు అది దగ్గరి చుట్టం. ఆకు అడుగున చేరి రసం పీలిస్తే ఆకు అంచులు కిందికి వంగుతాయి, కాడ సాగుతుంది. ఇది కింది ముడత. పురుగులను చంపే మందులన్నీ నల్లిని చంపవు. పైగా పైరెత్రాయిడ్ రకం మందులు పదేపదే కొడితే, నల్లిని తిని బతికే మిత్ర పురుగులు చచ్చి, నల్లి ఇంకా పెచ్చరిల్లుతుంది. డబ్బిచ్చి నల్లిని పెంచుకున్నట్టవుతుంది.

మూడోది వైరస్. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ సోకితే ఆకులు చిన్నవై, ముడుచుకుని, మొక్క గిడసబారిపోతుంది. వైరస్‌కు కణమే లేదు. ప్రాణమున్న కణంలో దూరితేనే అది పెరుగుతుంది, బయట ఉలుకూ పలుకూ ఉండదు. పొగాకు మొక్కల జబ్బును పరిశీలిస్తూ 1892లో రష్యాకు చెందిన ఇవనోవ్‌స్కీ ఒక సంగతి పట్టుకున్నాడు. జబ్బు ఆకుల రసాన్ని బ్యాక్టీరియా దాటలేని జల్లెడగుండా వడపోసినా, ఆ రసం మంచి మొక్కకు జబ్బు తెచ్చింది. బ్యాక్టీరియా కన్నా చిన్నదేదో ఉందని అట్లా తెలిసింది. సోకిన మొక్కను బాగుచేసే మందు రైతుకు నేటికీ లేదు. పీకి తగలబెట్టడం, మోసుకొచ్చే దోమను అదుపులో పెట్టడం, ఇంతే చేయగలిగింది. పుస్తకం ఆ దోమను 'వాహకం' అంటుంది.

దోమ అనే మాటా చిక్కుదే. మనిషిని కుట్టే దోమకు రెండు రెక్కలు. తెల్లదోమకు నాలుగు, వరిలో సుడిదోమకూ నాలుగే. పేరు కలిసిందే తప్ప కులం కలవలేదు.

వరి రైతుకూ ఇదే తిప్పలు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు, నడుమ బూడిద రంగు ఉంటే అది అగ్గితెగులు, శిలీంధ్రం పని. ఆకు కొన నుంచి అంచుల వెంట అలలా పసుపెక్కి ఎండుతూ వస్తే అది ఎండాకు తెగులు; బ్యాక్టీరియా పని. శిలీంధ్రం కణంలో కేంద్రకం ఉంటుంది, బ్యాక్టీరియా కణంలో ఉండదు. కణం చుట్టూ ఉండే గోడ కూడా వేరు. అందుకే రాగి మందులవంటి కొన్నింటిని మినహాయిస్తే, ఒకదాని మందు రెండోదాని మీద పారదు. రెండు తెగుళ్లకూ యూరియా ఎక్కువైతే బలం. ఎండాకు తెగులు కనిపిస్తే యూరియా ఆపి, మడిలో నీళ్లు తీసేయడం ముందు చేయాల్సిన పని.

తేడా తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, తెగులు సోకిన ఆకును మచ్చ అంచున కోసి, కోసిన కొస నీళ్లలో మునిగేటట్టు కాసేపు ఉంచితే, ఎండాకు తెగులైతే ఆ కొస నుంచి పాలవంటి సన్నటి ధార దిగుతుంది. కోట్ల బ్యాక్టీరియా కలిసి కంటికి కనిపించే తీరు అది. మిరపలో అయితే లేత కొమ్మను తెల్ల కాగితం మీద తట్టాలి. సన్నటి పురుగులు రాలి పరుగెత్తితే తామర. నల్లి మామూలు కంటికి ఆనదు. బడి నుంచి పిల్లలు భూతద్దం తెస్తే, లేత ఆకు అడుగున వెతకవచ్చు.

అప్పటికీ తేలకపోతే వైరా కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, దగ్గరి రైతు వేదికకు గాని ఆకు పట్టుకెళ్లాలి. పూర్తిగా ఎండిన ఆకు కాదు, తెగులు సగం పాకిన ఆకు తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమర్చి దారిలోనే కుళ్లుతుంది. పాత పేపరు మడతలో పెట్టుకుంటే చాలు.