బీఎస్‌ఏ ఎం20 మిలిటరీ బండికి కొత్త వైరింగ్

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన బీఎస్‌ఏ ఎం20 గురించి ఈరోజు. 496 సీసీ ఇంజను, 6 వోల్టుల కరెంటు.

ఇందులో స్పార్కు మ్యాగ్నెటో నుంచి వస్తుంది. బ్యాటరీ తీసేసినా ఇంజను నడుస్తుంది. అందుకే బండి స్టార్టవకపోతే లైట్ల వైర్లు పీకి చూడకండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కాక మొరాయిస్తోందంటే నా మొదటి అనుమానం మ్యాగ్నెటోలోని కండెన్సర్ మీదే.

లైట్లు, హారన్ సంగతి వేరు, అది డైనమో, బ్యాటరీల పని. పాత వైర్ల రబ్బరు ఎండిపోయి, వంచితే పొడిపొడిగా రాలిపోతుంది. పైన పెట్రోలు ట్యాంకు, కింద బోసి రాగి తీగ! టేపు చుట్టి సరిపెట్టొద్దు, మొత్తం మార్చేయండి. వైరు లావుగా ఉండాలి. 24 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు లాగితే, 6 వోల్టుల మీద 4 లాగుతుంది. సన్నటి వైరు వేస్తే వోల్టేజీ దారిలోనే పడిపోయి, హెడ్‌లైటు ప్రమిదలా వెలుగుతుంది.

తిరుగు కరెంటు ఫ్రేము గుండా పోతుంది. ముచ్చటపడి కొట్టించిన కొత్త పెయింటు దాన్ని ఆపేస్తుంది. ఎర్త్ బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకండి. నేనైతే హెడ్‌లైటుకి విడిగా ఎర్త్ వైరు, బ్యాటరీ దగ్గర ఫ్యూజు కూడా పెడతాను. ఒరిజినల్ కాదని అనేవాళ్లు అంటారు, అననివ్వండి.

ఆ కాలపు బళ్లన్నిటికీ ఎర్త్ ఒకే వైపు ఉండదు. నెగటివా, పాజిటివా తేల్చుకున్నాకే బ్యాటరీ కలపండి. డైనమో విప్పి బిగించి ఉంటే, రెగ్యులేటర్ వైర్లు తీసి, ఫీల్డ్ టెర్మినల్‌కి బ్యాటరీ వైరు ఒక్క క్షణం తాకించాలి. లోపలి ఇనుములో అయస్కాంతం సరైన దిశలో నిలబడుతుంది, లేకపోతే చార్జింగ్ ఉల్టా అవుతుంది. తర్వాత వైర్లు కలిపి, ఇంజను రేజ్ చేసి అమీటరు చూడండి. ముల్లు చార్జి వైపు కదలాలి.