ఫోన్ చేతిలో ఉంది - చదువు వస్తోందా?

మా రాత్రి కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పగలు మిరప కోతకు పోతుంది. రాత్రి అందరికంటే ముందు వచ్చి కూర్చుంటుంది. మొన్న పాఠం అయిపోయాక కూడా ఆమె లేవలేదు.

"ఏమక్కా, ఇంటికి పోవా?" అని అడిగాను.

"టీచరమ్మా, మావాడు ఏడో తరగతి. అన్నం తినేటప్పుడు ఫోనే. పడుకునేటప్పుడు ఫోనే. ఏందిరా అంటే చదువుకుంటున్నా అంటాడు. నిజమో అబద్ధమో నాకెట్లా తెలుస్తుంది? నాకు వచ్చినవి నాలుగు అక్షరాలు. వాడి ముందు నేనేం మాట్లాడేది?" అంది.

ఈ బాధ ఆ అక్క ఒక్కదానిదే కాదు. పిల్లలు ఉన్న చాలా ఇళ్లలో ఇదే మాట. అందుకే ఈ రోజు దీని గురించి మాట్లాడుకుందాం.

ఫోన్ బడి అయిన రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బటన్ల ఫోన్ ఉండేది. మాట్లాడటానికి తప్ప పెద్దగా దేనికీ పనికొచ్చేది కాదు. తరువాత టచ్ ఫోన్లు వచ్చాయి. 2016 తరువాత నెట్ బాగా చౌక అయింది. ఫోన్ పల్లె పల్లెకూ చేరింది.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీవీలో, ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా దూరదర్శన్‌లో పాఠాలు చెప్పారు. అప్పటిదాకా "ఫోన్ ముట్టుకోవద్దు" అన్న మనమే, "ఫోన్ తీసి చదువుకో" అన్నాం.

అప్పుడు మా వీధిలో నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఒకటే ఫోన్. పొద్దున నాన్న దాన్ని జేబులో పెట్టుకుని పనికి పోయేవాడు. సాయంత్రం రాగానే పెద్ద కొడుకు తీసుకునేవాడు. ఆడపిల్ల గిన్నెలు తోమి వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయేది. బడి తెరిచాక ఆ పిల్లకు తరగతి పెరిగింది. చదువు పెరగలేదు.

ఫోన్ ఇంట్లో ఉండటం వేరు. అది పిల్లలందరి చదువుకూ అందడం వేరు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

మన దేశంలో 'అసర్' అనే సర్వే జరుగుతుంది. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూస్తారు. 2024లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఫోన్ గురించి కూడా అడిగారు.

ప్రతి 100 మందిలో 82 మంది స్మార్ట్ ఫోన్ వాడటం వచ్చు అన్నారు. అలా వాడటం వచ్చిన ప్రతి 100 మందిలో 57 మంది, అంతకు ముందు వారంలో ఫోన్‌లో ఏదో ఒక చదువు పని చేశామన్నారు. 76 మంది సోషల్ మీడియా చూశామన్నారు.

ఈ లెక్కను రెండు వైపులా చూడాలి. సగం కంటే ఎక్కువ మంది ఎంతో కొంత చదువుకుంటున్నారు. కాబట్టి "చదువుకుంటున్నా" అన్న ప్రతి మాటా అబద్ధం కాదు. కానీ చదువు కంటే కాలక్షేపం వైపు పోయిన వాళ్లు ఎక్కువ.

ఫోన్‌లో చదువు ఎక్కడుంది?

మీ పిల్లల బడి పుస్తకం తెరవండి. అందులో నల్ల గళ్ల గుర్తులు కనిపిస్తాయి. కిరాణా కొట్టులో డబ్బులు కట్టడానికి ఫోన్ పెట్టి చూపిస్తామే, అలాంటి గుర్తే ఇది. దీన్ని క్యూఆర్ కోడ్ అంటారు. 'దీక్ష' అనే యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. దీక్షను కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టింది. దీనికి ఫీజు లేదు. నెట్ ఉంటే చాలు.

దీనివల్ల లాభం ఏమిటి? పుస్తకంలో గుండె బొమ్మ కదలదు. వీడియోలో గుండె కొట్టుకుంటుంది. రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో కనబడుతుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ చూడవచ్చు. టీచర్‌ను నాలుగోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లకు ఇది ఎంతో మేలు.

మరి చిక్కు ఎక్కడ?

మొదటి చిక్కు ఇది. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. ఎందుకు? మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి కదా. వాటివల్ల కంపెనీకి డబ్బు వస్తుంది. మనం ఎంత ఎక్కువసేపు చూస్తే వాళ్లకు అంత ఆదాయం. అందుకే మనం ఏది ఆగి చూశామో గమనించి, అలాంటిదే ఇంకొకటి ముందు పెడతారు. జాతరలో రంగులరాట్నం కొన్ని చుట్లు తిరిగి ఆగుతుంది. ఇది ఆగదు. దిగాల్సింది మనమే.

నేనూ ఫోన్‌తో పెరిగినదాన్నే. టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు పాఠం చూద్దామని ఫోన్ తీసేదాన్ని. వంటల వీడియోల్లో పడి గంట పోగొట్టుకున్న రోజులు ఉన్నాయి. పెద్దదాన్ని నాకే అలా ఉంటే, పన్నెండేళ్ల పిల్లవాడి సంగతి ఏమిటి?

రెండో చిక్కు ఇంకా పెద్దది. చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. మీరు అక్షరాలు ఎలా నేర్చుకున్నారో గుర్తు చేసుకోండి. నేను బోర్డు మీద రాస్తుంటే చూసినంత మాత్రాన వచ్చాయా? రాశారు. చెరిపారు. మళ్లీ రాశారు. తప్పు పోతే పక్కన కూర్చున్న అక్క చెప్పింది. అప్పుడు వచ్చాయి. పిల్లలకైనా అంతే.

ఇది మన ఊరి సంగతే కాదు. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. అక్కడి ప్రభుత్వం బడి పిల్లలకు లక్షల చిన్న కంప్యూటర్లు పంచింది. పల్లె బడులలో చేసిన పరిశీలన 2012లో బయటికి వచ్చింది. కంప్యూటర్లు అందిన బడుల పిల్లలకు లెక్కల్లో గానీ, భాషలో గానీ చదువు పెరిగినట్టు కనబడలేదు. పెట్టె ఇచ్చారు. దాన్ని బడి పాఠంతో కలపలేదు. పెట్టె ఒక్కటే చదువు చెప్పదు.

అమ్మానాన్నలు ఏం చేయవచ్చు?

1. "ఏం చూశావో నాకు చెప్పు" అని అడగండి. మీకు ఆ పాఠం రానక్కరలేదు. వాడు మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నేర్చుకున్నట్టే. తడబడితే మళ్లీ చూడమనండి.

2. చూసినదాని గురించి నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయమనండి. ఆ రెండు వాక్యాలు మీరు చదవండి. వాళ్లకూ చదువు, మీకూ చదువు.

3. ఫోన్ నలుగురి మధ్య కూర్చుని చూడాలి. దుప్పటి కింద కాదు. పడుకునే వేళకు ఫోన్ పెద్దల దగ్గరికి రావాలి. పెద్దలు కూడా ఆ వేళకు పక్కన పెట్టాలి.

4. ఒకటే ఫోన్ ఉంటే వంతులు వేయండి. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానంగా ఇవ్వండి. పనిలో కూడా ఇద్దరికీ వంతు ఉండాలి.

5. చంటిపిల్ల అన్నం తినడం లేదని ఫోన్ చూపించకండి. రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్, టీవీ చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదు. ఇంకా తగ్గిస్తే ఇంకా మంచిది.

మళ్లీ ఆ అక్క

వారం తరువాత ఆ అక్క నవ్వుకుంటూ వచ్చింది.

"అడిగాను టీచరమ్మా. నీకేం అర్థమవుతుందిలే అన్నాడు. అర్థమయ్యేట్టు చెప్పు, చదువుకున్నోడివి నువ్వే కదా అన్నాను. వాన ఎట్లా కురుస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. ఎండకు నీళ్లు ఆవిరై పైకి పోతాయన్నాడు. పోయి ఏమవుతాయిరా అన్నాను. ఆగిపోయాడు! ఇద్దరం పుస్తకం తీశాం. ఆవిరి చల్లబడి నీటి చుక్కలు అవుతుంది అని నేనే కూడబలుక్కుని చదివాను. అమ్మా, నీకు ఇంత చదవడం ఎప్పుడు వచ్చిందే అన్నాడు. నువ్వు ఫోన్‌లో ఉన్నప్పుడు వచ్చిందిరా అన్నాను."

కేంద్రంలో అందరం నవ్వాం.

"నాకు వచ్చినవి నాలుగు అక్షరాలు" అన్న అక్కే ఈ పని చేసింది. మీరూ చేయగలరు. ఫోన్ ఎన్ని పాఠాలైనా చూపిస్తుంది. పక్కన కూర్చుని "తరువాత ఏమవుతుందిరా?" అని అడిగే మనిషి మాత్రం ఇంట్లో ఉండాలి.

ఆలోచించండి - మాట్లాడుకోండి

మీ ఇంట్లో ఎన్ని ఫోన్లు ఉన్నాయి? ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటాయి?

మీ పిల్లల బడి పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఎక్కడ ఉందో వెతకండి.

ఈ రోజు మీ పిల్లలు ఫోన్‌లో ఏం నేర్చుకున్నారో అడగండి. ఒక వాక్యం రాసి రేపు కేంద్రానికి తీసుకురండి.